బీరువా సర్దని సెక్రటరీ

పాతకాలపు క్రికెటర్ టామ్ విల్స్ మహానుభావుడని ఆస్ట్రేలియా వాళ్లంటారు. గుమాస్తాగిరీ మీద గౌరవమున్న నేను ఒప్పుకోను. 1857లో మెల్‌బోర్న్ క్రికెట్ క్లబ్బుకి సెక్రటరీ అయ్యి, మరుసటేడు కాగితాలన్నీ చిందరవందరగా వదిలేసి పోయిన మనిషి. విక్టోరియా జట్టు కెప్టెన్‌గా ఎన్ని వికెట్లు తీస్తే మాత్రం ఏం లాభం, ఫైళ్లు సరిగ్గా లేనప్పుడు?

మొదట్నుంచీ అంతే. చదువుకోమని తండ్రి ఇంగ్లండ్‌లోని రగ్బీ స్కూలుకి ఓడెక్కిస్తే, కుర్రాడు క్రికెట్టూ ఫుట్‌బాలూ ఒంటబట్టించుకున్నాడు. 1856లో కేంబ్రిడ్జ్ తరఫున ఆక్స్‌ఫర్డ్ మీద ఆడాడు, కేంబ్రిడ్జ్‌లో చదవకుండానే! అటెండెన్స్ అడిగిన నాథుడు లేడు.

1858 జులైలో పత్రికకి ఉత్తరం రాశాడు. చలికాలం ఖాళీగా కూర్చుంటే క్రికెటర్లకి ఒళ్లొస్తుందట, అందుకని ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టాలట, కుదరకపోతే రైఫిల్ క్లబ్బయినా పెట్టాలట. తుపాకీతో పొట్టెలా తగ్గుతుందో రాయలేదు. అదృష్టం బాగుండి ఫుట్‌బాలే కుదిరింది. 1859 మేలో అతనూ ఇంకొందరూ కూర్చుని పది రూల్సు రాశారు. క్రికెటర్ల పొట్టల కోసం మొదలైన ఆ ఆటే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్; దాని ఫైనల్‌కి ఇప్పుడు మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండే చాలడం లేదు.

1861లో క్వీన్స్‌లాండ్‌లోని కల్లిన్-లా-రింగోలో ఆదివాసుల దాడిలో 19 మంది పోయారు. వాళ్లలో టామ్ తండ్రి ఒకడు. తర్వాత తెల్లవాళ్లు తీర్చుకున్న పగలో ఎంతమంది ఆదివాసులు పోయారో ఎవరూ సరిగ్గా లెక్క రాయలేదు. ఆ బీరువా ఎవరు సర్దాలో మాత్రం నన్నడక్కండి.

ఐదేళ్లకి అదే కొడుకు పశ్చిమ విక్టోరియా వెళ్లి ఆదివాసీ కుర్రాళ్లకి కోచ్ అయ్యాడు. 1866 క్రిస్మస్ మర్నాడు వాళ్లని వెంటబెట్టుకుని మెల్‌బోర్న్ గ్రౌండ్‌లో దిగాడు. ఇలాంటివాటికి ఏ ఫారం నింపాలో నాకు తెలీదు. 1868లో జానీ ముల్లాగ్ లాంటి అతని ఆటగాళ్లు ఇంగ్లండ్ వెళ్లి 47 మ్యాచులాడి, 14 గెలిచి, 14 ఓడారు. కెప్టెన్ చార్లెస్ లారెన్స్. విల్స్‌కి పిలుపు లేదు. కాగితాలు పోగొట్టేస్తాడని భయపడి ఉంటారు.

1872లో న్యూ సౌత్ వేల్స్ మీద ఆడుతుంటే, బౌలింగ్ చెయ్యకుండా మోచెయ్యి వంచి బంతి విసురుతున్నాడని అంపైర్ నోబాల్ ఇచ్చాడు. 1880లో, తాగుడుతో చితికిపోయి, 44 ఏళ్లకే తన ప్రాణం తనే తీసుకున్నాడు.

ఇప్పుడు మెల్‌బోర్న్ గ్రౌండ్ బయట అతనికి కంచు విగ్రహముంది. ఇద్దరు కుర్రాళ్లు ఫుట్‌బాల్ ఆడుతుంటే వెనకాల నిలబడి ఉంటాడు. నోబాల్ తిన్నవాడికి అంపైర్ ఉద్యోగమిచ్చారు, అప్లికేషన్ కూడా అడక్కుండా.