ఫెయిలైన పిల్లలకు కూడా పంపుదాం

ఇక్కడ విదేశంలో ఉన్న మన సంఘం ఏటా అక్కడ మన ఊళ్లలో పదో తరగతి టాపర్లకు పురస్కారాలు ఇస్తుంది. శాలువా, చెక్కు, ఫొటో. నేనూ చందా ఇస్తాను, ఇస్తూనే ఉంటాను. ఈసారి మాత్రం అందులో సగం లెక్కల్లో ఫెయిలైన పిల్లలకు పంపమని అడుగుతున్నాను.

2008లో నాకు లెక్కల్లో 27 వచ్చాయి. అప్పుడు గణితం రెండు పేపర్లు, రెండూ కలిపి 35 రావాలి. మిగతావన్నీ పాసయ్యాను. నాన్న ఏమీ అనలేదు. దేవరకొండ దగ్గర మాకు బత్తాయి తోట ఉండేది. మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని తోటకు పోయాడు. ఇంట్లో ఎవరూ ఇక చదువు మాటెత్తలేదు. తిట్టినా బాగుండేది.

డిగ్రీ చదివే మా పెద్దనాయన కొడుకు సెలవులకు వచ్చి నా నోట్‌బుక్ తెరిచాడు. మూడో వంతుకు నాలుగో వంతు కలిపి నేను ఏడింట రెండు అని రాసి ఉంది. "నీకు రానిది పదో తరగతి లెక్క కాదు తమ్మీ, ఆరో తరగతిది" అన్నాడు. చెట్టు కింద కూర్చుని బత్తాయి ఒలిచాడు. పదే తొనలు. ఇంకోటి ఒలిస్తే పదకొండు. మూడో కాయకు పన్నెండు వచ్చాయి. అందులో మూడో వంతు, అంటే నాలుగు తొనలు, నా అరచేతిలో పెట్టాడు. నాలుగో వంతు, ఇంకో మూడు. "ఎన్నయినయి?" ఏడు. పన్నెండింట ఏడు. ఏళ్ల తరబడి బోర్డు మీద చూసిన క.సా.గు. ఎందుకో నాకు ఆరోజు తెలిసింది.

జూన్‌లో సప్లిమెంటరీ రాసి 41 తెచ్చుకున్నాను. ఇంటర్ సీఈసీ, తర్వాత నల్గొండ ఎన్జీ కాలేజీలో బీకామ్. ఇవాళ ఇక్కడ అకౌంట్సే నా ఉద్యోగం.

మా క్లాసులో ఒకమ్మాయికి 31 వచ్చాయి, నాకంటే ఎక్కువే. ఆ ఇంట్లో అలాంటి అన్న లేడు. సప్లిమెంటరీ ఫీజు గడువు దాటిపోయింది. దసరాలోపే పెళ్లి చేశారు. నాలుగు మార్కులకు.

ఇప్పుడు గణితం ఒకే పేపరు. కాలేజీలూ దగ్గరికొచ్చాయి: నల్గొండలో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. సీఈసీ, హెచ్ఈసీ తీసుకుంటే ఇంటర్‌లో లెక్కలే ఉండవు. కానీ అక్కడిదాకా పోవాలన్నా ముందు పదిలో లెక్కలు గట్టెక్కాలి. పాలిటెక్నిక్‌కు పోదామన్నా పాలీసెట్‌లో 120 మార్కులకు 60 లెక్కలవే.

ప్రతిభను ప్రోత్సహించొద్దా అని కొందరు అడుగుతారు. టాపర్ల ఇంటికి ప్రైవేటు కాలేజీల వాళ్లే వచ్చి ఫ్రీ సీటు ఇస్తామంటారు. 27 వచ్చిన పిల్లాడి ఇంటికి ఎవరూ రారు. ఫలితాలొచ్చాక సప్లిమెంటరీకి ఉండేది నెల, కాస్త అటూ ఇటూ. ఆ నెల రోజులు మండల కేంద్రంలో ఒక ట్యూటర్, బస్సు ఛార్జీలు, సాయంత్రం టిఫిన్, పరీక్ష ఫీజు మనం పెట్టుకుందాం. ఆరో తరగతి భిన్నాల నుంచి ఓపికగా చెప్పే మనిషి కావాలి, అంతే. అక్కడ పొద్దున ఏడంటే ఇక్కడ రాత్రి. వాట్సాప్ వీడియోలో ఒక గంట మనమూ చెప్పొచ్చు.

దేవరకొండ ఖర్చు నేను పెట్టుకుంటాను. అచ్చంపేట, మిర్యాలగూడ, నారాయణపేట వైపు వాళ్లు వచ్చే కమిటీ మీటింగ్‌లోపు మీ మండలం పేరు చెప్పండి.