హిచ్‌కాక్ సినిమాల్లో నా వరుస: ‘సైకో’ అయిదో స్థానంలో ఎందుకుంది?

ఇంటర్వెల్ దగ్గర ఒక మలుపు, క్లైమాక్స్‌లో ఇంకో మలుపు ఉన్న ప్రతి తెలుగు థ్రిల్లర్‌కూ “హిచ్‌కాక్ తరహా” అనే బిరుదు తగిలించడం మన సమీక్షకులకు ఆనవాయితీ అయిపోయింది. హంతకుడెవరో ఆఖరి రీలు దాకా దాచిపెట్టే కథలంటే బ్రిటిష్ దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్‌కు పెద్దగా గిట్టదు. ఆయన పేరును ఆ కథలకే అంటగట్టడం చూసి చూసి విసుగెత్తి, ఆయన హాలీవుడ్ సినిమాలకు నా వరుస నేను రాసుకుంటున్నాను. ముగింపులు కూడా చర్చిస్తాను కనుక, ఇంకా చూడనివారు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా త్రుఫోతో 1962లో జరిపిన సుదీర్ఘ సంభాషణల్లో ఆయన తన పద్ధతిని బల్ల కింద బాంబు ఉదాహరణతో వివరించారు. బాంబు ఉన్న సంగతి చెప్పకుండా పేల్చేస్తే ప్రేక్షకుడు 15 సెకన్లు ఉలిక్కిపడతాడు. ముందే చూపించి, ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ల చేత తీరిగ్గా పిచ్చాపాటీ మాట్లాడిస్తే 15 నిమిషాలు నలిగిపోతాడు. నా కొలబద్ద దీని నుంచి తీసుకున్నదే. రహస్యం తెలిసిపోయాక, మూడోసారో నాలుగోసారో చూస్తున్నప్పుడు కూడా ఊపిరి బిగబట్టించే సినిమా పైకి వెళుతుంది, తెలిశాక చప్పబడేది కిందికి వస్తుంది.

అందుకే ‘సైకో’ (1960) నా వరుసలో అయిదోది. హాస్టల్లో నా గదిలో ఉండే మహానుభావుడు నేను చూడకముందే దాని ముగింపు చెప్పేశాడు. ఆ కోపం చాలా ఏళ్లు దాచుకున్నాను కానీ, నిజానికి అతను నాకు మేలే చేశాడు. టీవీ ధారావాహికకు పనిచేసే బృందంతో, నలుపు తెలుపుల్లో, తక్కువ ఖర్చుతో తీసిన ఈ సినిమాలో స్నానాల గది హత్య గురించీ, బెర్నార్డ్ హెర్మన్ కేవలం తీగవాద్యాలతో కట్టిన సంగీతం గురించీ అందరూ మాట్లాడతారు. నన్ను కట్టిపడేసింది దాని తరువాతి ఘట్టం. మోటెల్ నడిపే కుర్రాడు నార్మన్ ఆ అమ్మాయి శవాన్ని కారులో పెట్టి ఊబిలోకి తోస్తాడు, కారు సగం మునిగి ఆగిపోతుంది. అంతవరకూ చనిపోయిన అమ్మాయి పక్షాన ఉన్న మనం, ఆ రెండు మూడు క్షణాలు “మునిగిపోతే బాగుండు” అనుకుంటాం. డిక్కీలో, ఆమె దొంగిలించి పత్రికలో చుట్టిన 40 వేల డాలర్లు ఉన్నాయని మనకు తెలుసు, అతనికి తెలియదు. ఇంత చేసిన సినిమా చివర మానసిక వైద్యుడు వచ్చి, అర్థం కాని పిల్లలకు ట్యూషన్ చెప్పినట్టు కథంతా విప్పి చెబుతాడు. ఆ ఉపన్యాసం వల్లనే ఒక స్థానం తగ్గించాను.

అడుగున ఉన్నవాటితో ఎక్కువసేపు పని లేదు. ‘టోపాజ్’ (1969) గూఢచర్యం పేరిట జరిగే కార్యాలయ సమావేశంలా ఉంటుంది. ‘టార్న్ కర్టెన్’ (1966)లో పొలంలోని ఇంట్లో ఒక మనిషిని చంపడం ఎంత కష్టమో చూపించే సన్నివేశం తప్ప మిగిలినది మరిచిపోవచ్చు. ‘రోప్’ (1948) పొడవాటి షాట్ల ప్రయోగంగా చదవడానికి బాగుంటుంది, చూడటానికి కాదు. ‘నార్త్ బై నార్త్‌వెస్ట్’ (1959), ‘స్ట్రేంజర్స్ ఆన్ ఎ ట్రెయిన్’ (1951) ఎప్పుడు పెట్టుకున్నా హాయిగా సాగిపోతాయి కనుక వాటికి ఆరు, ఏడు స్థానాలు ఇస్తే ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు.

పక్షులు మనుషుల మీద దాడి చేసే ‘ది బర్డ్స్’ (1963)ను మాత్రం ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేకపోతున్నాను. బడి బయట బెంచీ మీద నాయిక సిగరెట్ కాలుస్తూ కూర్చుంటే, ఆమె వెనక పిల్లలు ఆడుకునే ఇనుప చట్రం మీద కాకులు ఒక్కొక్కటే వచ్చి వాలే సన్నివేశం చూస్తే, బల్ల కింద బాంబుకు ఇంతకన్నా మంచి చిత్రరూపం లేదనిపిస్తుంది. కానీ అటక గది దాడి కోసం నాయికగా నటించిన టిప్పీ హెడ్రన్ మీదికి రోజుల తరబడి నిజమైన పక్షులను విసిరారనీ, హిచ్‌కాక్ తనను లైంగికంగా వేధించారని ఆమె 2016లో వచ్చిన ఆత్మకథలో రాశారనీ తెలిశాక, ఆ గదిలో ఆమె ముఖం చూస్తూ నటన బాగుందని మెచ్చుకోవడం నా వల్ల కావడం లేదు. కాబట్టి దానికి అంకె వేయడం లేదు.

నాలుగో స్థానం ‘షాడో ఆఫ్ ఎ డౌట్’ (1943)ది. ఇది మన తెలుగువాళ్లు అందరికంటే బాగా అర్థం చేసుకోగల సినిమా అని నా నమ్మకం, ఎందుకంటే ఇందులో హంతకుడు మేనమామ. కాలిఫోర్నియాలోని సాంటా రోసా అనే ప్రశాంతమైన ఊరికి, నాయిక తల్లికి ప్రాణమైన తమ్ముడు రైలు దిగుతాడు. ఆ రైలు స్టేషన్ మీదికి నల్లటి పొగ కమ్ముతూ వస్తుంది. అతని పేరే పెట్టుకున్న మేనకోడలికి అతను ఉంగరం బహుమతిగా ఇస్తాడు, దాని లోపలివైపు ఎవరివో అక్షరాలు చెక్కి ఉంటాయి. నిజం తెలిశాక కూడా తల్లి గుండె పగులుతుందని ఆ పిల్ల నోరు విప్పదు. ఒక రాత్రి విందులో అందరూ చూస్తుండగా అతని నేరానికి సాక్ష్యమైన ఆ ఉంగరం పెట్టుకుని మెట్లు దిగి వస్తుంది, అది చూసిన మేనమామ చేతిలో గ్లాసు పట్టుకుని మాట మార్చి, రేపు ఊరు విడిచి వెళుతున్నానని ప్రకటిస్తాడు. ఇంట్లో మిగతావారికి ఏమీ తెలియకుండానే యుద్ధం ముగుస్తుంది.

‘వెర్టిగో’ (1958)కు మూడో స్థానమే ఇచ్చినందుకు తిట్లు తప్పవని తెలుసు. 2012లో సైట్ అండ్ సౌండ్ పత్రిక నిర్వహించిన విమర్శకుల ఓటింగులో ‘సిటిజన్ కేన్’ను దించి మొదటి స్థానానికి చేరిన సినిమా ఇది, 2022లోనూ రెండో స్థానంలో నిలిచింది. చనిపోయిందనుకున్న ప్రియురాలు, తరువాత కనబడిన జూడీ ఒక్కరేనన్న రహస్యాన్ని మూలమైన ఫ్రెంచి నవల చివరి దాకా దాచింది. హిచ్‌కాక్ దాన్ని చాలా ముందుగానే, జూడీ ఉత్తరం రాసి చించేసే సన్నివేశంలో, మన చేతిలో పెట్టేశారు. ఆ తరువాత, ఎత్తులంటే భయపడే నాయకుడు స్కాటీ ఆమెకు పోయిన ప్రియురాలిలాగే బూడిదరంగు దుస్తులు కొని, జుట్టుకు రంగు వేయించి, చివరికి ముడి కూడా ఫలానా విధంగానే వేసుకోమని పట్టుబడుతుంటే, మనం చూసేది ప్రేమికుణ్ణి కాదు, ఒక మనిషిని చెరిపేస్తున్నవాణ్ణి. అయినా మొదటి స్థానం ఇవ్వలేను. నేరస్థుడి పథకమంతా ఒక మనిషి మెట్లెక్కలేడన్న భరోసా మీదే నిలబడింది, పాపం స్కాటీ స్నేహితురాలు మిడ్జ్ పాత్రను సగంలో వదిలేసి ఎవరూ మళ్లీ తలుచుకోలేదు.

‘రియర్ విండో’ (1954)కు రెండో స్థానం ఇవ్వడానికి ఒక్క సన్నివేశం చాలు. కాలికి కట్టుతో కుర్చీలో ఉన్న జేమ్స్ స్టివార్ట్, భార్యను చంపిన ఎదురింటివాడి ఇంట్లో చిక్కుకున్న గ్రేస్ కెల్లీని పొడవాటి కెమెరా లెన్సులో చూస్తుంటాడు. ఆమె అక్కడ దొరికిన, ఆ భార్య పెళ్లి ఉంగరాన్ని తన వేలికి తొడుక్కుని, చేతిని వీపు వెనక పెట్టి అతనికి చూపిస్తుంది. ఆ వేలి కదలికను గమనించిన హంతకుడు మెల్లగా తలెత్తి, నేరుగా కెమెరాలోకి, అంటే మనవైపే చూస్తాడు. అంతసేపూ ఇరుగుపొరుగు కిటికీల్లోకి తొంగిచూసి ఆనందించిన మనం ఇంట్లో సోఫాలో కూర్చుని కూడా వెనక్కి జరుగుతాం.

ఇక మొదటిది ‘నొటోరియస్’ (1946). రియోలో నాజీల ఇంట గూఢచారిణిగా కాపురం చేస్తున్న ఇంగ్రిడ్ బర్గ్‌మన్, భర్త తాళాల గుత్తి నుంచి నేలమాళిగ తాళంచెవి తీస్తుంది. విందు రాత్రి కెమెరా హాలు పైనుంచి జనం మీదుగా దిగి దిగి, ఆమె పిడికిట్లో ఉన్న ఆ చెవి దగ్గర ఆగుతుంది. తరువాత ఉత్కంఠకు కారణం షాంపేన్ సీసాలు. అవి అయిపోతే భర్త కొత్తవాటి కోసం కిందికి దిగుతాడు, కింద ఆమె, ఆమె తోటి గూఢచారి కేరీ గ్రాంట్ ఉన్నారు. పంక్తి ఇంకా లేవకముందే గారెలు అడుగంటుతున్నాయని తెలిసిన పెళ్లింటి పెద్ద పడే బెంగ ఎలాంటిదో ఎరిగినవారెవరికైనా ఈ దృశ్యం వేరే వివరించనక్కర్లేదు.

ముగింపులో తుపాకీ పేలదు. విషప్రయోగంతో నిలబడలేని ఆమెను గ్రాంట్ చేయి వేసి నడిపించుకుంటూ మెట్లు దిగుతుంటే, కింద నిలబడిన నాజీ మిత్రులు చూస్తుండగా, భార్య గూఢచారిణి అన్న నిజం చెబితే తన ప్రాణమే పోతుంది కనుక భర్త కూడా సాయం పట్టినట్టు నటిస్తూ దిగుతాడు. ఒక వైన్ సీసాను చూసి కంగారుపడ్డ పాపానికి వాళ్లు తమ సొంత మనిషినే ఏం చేశారో మనకు ముందే తెలుసు. గ్రాంట్ కారు తలుపు గడియ వేసుకుని వెళ్లిపోతాడు, ఇంటి లోపలినుంచి ఆ మిత్రులు భర్తను పేరు పెట్టి మర్యాదగానే పిలుస్తారు. భర్త పాత్రధారి క్లాడ్ రెయిన్స్ వెనుదిరిగి ఒక్కో మెట్టూ ఎక్కి లోపలికి వెళతాడు, అతని వెనక తలుపు మూసుకుంటుంది. ఎన్నిసార్లు చూసినా ఆ నాజీ వెనక్కి తిరగకుండా ఎటైనా పారిపోతే బాగుండునని ఒక్క క్షణం అనుకుంటాను, ఆ వెంటనే అలా అనుకున్నందుకు సిగ్గుపడతాను.