మాకు టికెట్టుతోనే మొదలు

క్రిస్మస్ షాపింగ్ డిసెంబర్ మొదటి వారంలో మొదలుపెడితే సరిపోతుందని మీ వ్యాసంలో రాశారు. బెంగళూరులో ఉంటూ పండక్కి గుంటూరు వైపు వెళ్లే మాలాంటి కుటుంబాలకు అది కుదరదండీ. రైల్వే రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. అంటే డిసెంబర్ 23 ప్రయాణానికి అక్టోబర్ 24 ఉదయం 8 గంటలకే ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. ఆ టికెట్ కన్ఫర్మ్ అయ్యేదాకా టెన్షనే, ఇక బట్టల మాట ఎవరికి గుర్తుంటుంది?

బట్టలకు దీపావళి వెళ్లగానే కమర్షియల్ స్ట్రీట్‌కు వెళ్లడం మేలు. డిసెంబర్ వచ్చాక జాకెట్లు, పిల్లల గౌన్లు కుట్టమంటే టైలర్లు చేతులెత్తేస్తారు.

కేక్‌కి మాత్రం మాకు తొందర లేదు. కేక్‌లో వేసే ఎండు పండ్లను రమ్‌లో నానబెట్టేవాళ్లు నెలల ముందే సీసాలు నింపి పెట్టుకుంటారు. మా ఇంట్లో నారింజ రసమే కాబట్టి ముందు రోజు రాత్రి నానేస్తే చాలు, తెల్లారేసరికి ఎండుద్రాక్ష ఉబ్బి నిగనిగలాడుతుంది. అరిసెలు ఊళ్లో అమ్మ చేతి మీదుగానే జరగాలి. తడి బియ్యం పట్టే మర మా వీధి చుట్టుపక్కల లేదు మరి. ప్రయాణాలున్న వాళ్ల కోసం అక్టోబర్‌లోనే ఇలాంటి వ్యాసం ఒకటి వేయండి, చాలామందికి ఉపయోగపడుతుంది.