పన్ను పటాన్ని చూసి గోడ కట్టకండి

పట్టణాలకు డిజిటల్ పటాలు వస్తే ఇళ్ల మధ్య హద్దు తగాదాలు తీరిపోతాయని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. ఆ మాట నమ్మి ఒడిశాలోని మా బరంపురంలో ఎవరైనా గోడ కడితే నష్టపోతారని నా భయం. పురపాలక పటం ముఖ్యంగా హోల్డింగ్ టాక్సు (ఇంటి పన్ను) లెక్కకు పనికొచ్చేది. పైనుంచి తీసిన చిత్రంలో కనిపించేది కప్పే గాని గోడ కాదు కనుక, అరుగు దాటి ముందుకు వచ్చిన చూరు కూడా ఇంటి స్థలంలో కలిసిపోతుంది. ఒడిశా ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లోని పటం సైతం చూసుకోవడానికే. చట్టం ముందు నిలిచేవి సెటిల్‌మెంట్ పటం (ప్రభుత్వం భూములు సర్వే చేసి గీసినది), పట్టా, దస్తావేజులోని చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దుల వివరం). అయితే మైలుకు 16 అంగుళాల చొప్పున గీసిన ఊరి పటంలో అర మిల్లీమీటరు గీత నేల మీద దాదాపు 2 మీటర్లు అవుతుంది. అందుకే తహసీల్దారుకు దరఖాస్తు పెట్టి, పొరుగువారికి నోటీసు ఇప్పించి, కదలని పాత హద్దురాయి నుంచి అమీను (ప్రభుత్వ సర్వేయరు) చేత కొలిపించుకోవాలి. పట్టా ఒడియాలో ఉంటుంది కాబట్టి, మన తెలుగు కుటుంబాల పెద్దలు అందులో ఏముందో తెలియకుండా సంతకం పెట్టకూడదు; కొలత రోజున ఒడియా చదవగలిగినవారిని తప్పక పక్కన ఉంచుకోవాలి. అప్పటికీ పొరుగువారు ఒప్పుకోకపోతే తేల్చవలసింది సివిల్ కోర్టే.