కత్తుల షెడ్డులో ఖాళీ సమయం: తక్షణ నియంత్రణ అవసరం

ధరల గురించి పత్రికలు రాశాయి. నీళ్ల గురించి రాశాయి. ప్రశ్నపత్రాల లీకేజీ గురించి ఏటా రాస్తూనే ఉన్నాయి. చదువుకుని, ఉద్యోగాలు చేస్తూ, గృహరుణం వాయిదాలు గడువులోగా కడుతున్న పెద్దమనుషులు ఆదివారం పూట కత్తులు చేసే షెడ్డులో దూరి, ఏ ప్రణాళికా లేకుండా సాయంత్రం దాకా గడిపి, సంతోషంగా ఇంటికి వస్తున్నారన్న సంగతి మాత్రం ఏ సంపాదకుడి కంటా పడలేదు. అందుకే ఈ బాధ్యత నేను తీసుకోవలసి వచ్చింది.

కత్తుల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదని ముందే మనవి చేస్తున్నాను. కత్తి లెక్కకు వచ్చే వస్తువు. తూచవచ్చు, అమ్మవచ్చు, అవసరమైతే పంచనామాలో చూపవచ్చు. నా ఆందోళనంతా ఆ షెడ్డులో కత్తి చేయకుండా గడిపే గంటల గురించే.

ఉదాహరణకు నా మిత్రుడొకడున్నాడు. ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో మేనేజరు. వారంలో ఐదు రోజులు అరగంట ముక్కలుగా తరిగిన క్యాలెండర్‌లో నిష్ఠగా బతుకుతాడు. అటువంటివాడు నగర శివార్లలో రేకుల షెడ్డు ఒకటి అద్దెకు తీసుకున్నాడు. అందులో గ్యాసు కొలిమి, బెల్టు గ్రైండరు, సుత్తులు, పట్టకార్లు, అరిగిపోయిన ఆకురాళ్లు, ఆటోనగర్‌లో తూకానికి కొన్న లారీ కమాను పట్టీలు. కాలిన ఇనుమును పెట్టి కొట్టే దాగలి బదులు రైలు పట్టా ముక్క; అది ఎక్కడిదని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. కమాను పట్టీ ఎందుకంటే, టన్నుల బరువు కింద వంగి మళ్లీ నిలబడే ఉక్కు కాబట్టి కత్తికి పనికొస్తుందట. ఇంతవరకు అంతా సక్రమమే.

ఒక ఆదివారం ఆయన వంటింటి కత్తి చేస్తానని వెళ్లాడు. నేను పరిశీలకుడి హోదాలో వెంట వెళ్లి, జరిగినదంతా కాగితం మీద నమోదు చేశాను. ముందు ఆకురాళ్లను పొడవు ప్రకారం సర్దాడు. తరువాత వాటిని గరుకు ప్రకారం మళ్లీ సర్దాడు. మూలన పడి ఉన్న చింతచెక్క ముక్క తీసి వాసన చూశాడు. దాన్ని కాసేపు గరుకు కాగితంతో రుద్ది, ఈనెలు తేలుతుంటే కిటికీ దగ్గరకు తీసుకుపోయి అటూ ఇటూ తిప్పాడు. కొలిమి వెలిగించి, కమాను పట్టీ బదులు ఒక పాత మేకును అందులో పెట్టాడు. ఎర్రబడిన మేకును సాగగొట్టి, తోక వంచి, తువ్వాలు తగిలించుకునే కొక్కెం చేశాడు. ఆ కొక్కెం వంపును వేలితో తడుముతూ చాలాసేపు నిలబడ్డాడు. టీ తాగాడు. చింతచెక్క మీద పెన్సిల్‌తో అదే వంపు గీసి, కత్తిపిడి ఇలా ఉంటే అరచేతిలో ఇమిడిపోతుందని నాతో అన్నాడు. ఇంతలో పొద్దు గుంకింది.

దీన్ని ఆయన స్ఫూర్తి అంటాడు. ఆడిట్‌లో దీన్ని దారిమళ్లింపు అంటారు. వంటింటి కత్తికి కేటాయించిన సమయం, గ్యాసు, పెన్సిల్ కొక్కేనికి ఖర్చయ్యాయి. ఏ ప్రభుత్వ శాఖలోనైనా ఇలా జరిగితే విచారణ కమిషన్ వేసేవారు. నివేదిక రావడానికి పదేళ్లు పట్టినా వేసేవారు.

ఆయన శ్రీమతి నాతో మొరపెట్టుకున్నారు. "మీరైనా చెప్పండి అన్నయ్యా. కత్తుల షెడ్డు పెట్టిన మనిషి ఇంట్లో టమాటా కోయబోతే చితికిపోతోంది. కత్తి సాన పట్టించమని నెల నుంచి అడుగుతున్నాను. నిన్న కత్తుల బండి అతను వీధిలోకి వస్తే అతని చేత పట్టించుకున్నాను." నేనేం చెప్పను? అటువంటి షెడ్డు నుంచి ఆదివారం సాయంత్రం వచ్చిన మనిషి పిల్లల మీద కసురుకోవడం లేదనీ, ఫోను ఎక్కడ పెట్టాడో కూడా మరిచిపోతున్నాడనీ ఆవిడే మళ్లీ చెప్పారు. ఈ రెండో లక్షణం మరింత ప్రమాదకరమని నా అభిప్రాయం.

ఈ జాడ్యం నేటిది కాదు. ఇంగ్లండులోని షెఫీల్డ్ వందల ఏళ్లుగా కత్తులకు పేరుమోసిన ఊరు. అక్కడ చిన్న చిన్న గదులు, నీటి చక్రాల దగ్గర సానరాయి ముందు ఒక చోటు అద్దెకు తీసుకుని, ఎవరికి వారే యజమానులుగా పనిచేసే కత్తుల పనివాళ్లు ఉండేవారు. పైన అధికారి లేకపోతే ఏమవుతుందో ఊహించండి. వాళ్లు సోమవారం పని మానేసేవారు. మానేసి ఊరుకున్నారా? దానికి 'సెయింట్ మండే' అని పేరు పెట్టి, సోమవారాన్ని ఒక పుణ్యపురుషుడిని చేసి కొలిచారు. శనివారం కూలి చేతిలో పడుతుంది, ఆదివారం దేవుడిది, సోమవారం తమది. వారం చివర రాత్రింబవళ్లు పనిచేసి లెక్క సరిచేసేవారు. కత్తులు మాత్రం ప్రపంచమంతా కొనేది. ఆ విషయం ప్రస్తుత చర్చకు సంబంధించింది కాదు.

ఇదే రోగం లండన్ ముద్రణాలయాల్లోనూ ఉండేది. అక్కడ పనిచేసిన రోజుల్లో తాను ఏ సోమవారమూ ఎగ్గొట్టలేదనీ, అందుకు యజమాని మెచ్చుకున్నాడనీ బెంజమిన్ ఫ్రాంక్లిన్ స్వయంగా రాసుకున్నాడు. ఫలితం చూడండి: ఇవాళ ఆయన ముఖం వంద డాలర్ల నోటు మీద ఉంది. సోమవారాలు ఎగ్గొట్టిన షెఫీల్డ్ కత్తులవాడి ముఖం ఏ నోటు మీదైనా ఉందా?

కొందరు వెనకేసుకొస్తారు. సానరాయి దగ్గర రేగే రాతిదుమ్ము, ఇనుప రజను పీల్చి ఆ పనివాళ్ల ఊపిరితిత్తులు పాడయ్యేవనీ, నీళ్లు వాడకుండా పొడి రాయి మీద సాన పట్టేవాళ్ల సగటు ఆయుష్షు 35 ఏళ్లు కూడా ఉండేది కాదని 19వ శతాబ్దంలో అక్కడి వైద్యుడొకరు లెక్కగట్టారనీ, కాబట్టి సోమవారం వాళ్లకు గాలి పీల్చుకునే రోజనీ అంటారు. అంత తక్కువ ఆయుష్షు ఉన్నవాడు సమయాన్ని ఇంకా పొదుపుగా వాడుకోవాలి కదా! వాదనలో ఈ తార్కిక లోపాన్ని ఎవరూ గమనించలేదు.

అదే షెఫీల్డ్‌లో 1913లో హ్యారీ బ్రియర్లీ అనే లోహ పరిశోధకుడి ఉదంతం ఇంకా విచారకరం. ఆయనకు అప్పజెప్పిన పని తుపాకీ గొట్టాలు లోపల త్వరగా అరిగిపోకుండా ఉండే ఉక్కు తయారుచేయడం. స్పష్టమైన లక్ష్యం. ఆయన దాదాపు 13 శాతం క్రోమియం కలిపి ఒక ఉక్కు పోయించాడు. సూక్ష్మదర్శినిలో పరీక్షించాలంటే ముందు దాని పైపొరను ఆమ్లం కొంచెం తినేయాలి. ఈ ఉక్కును ఆమ్లం సరిగా తినలేదు. క్రమశిక్షణ ఉన్నవాడైతే 'నమూనా సహకరించలేదు' అని రాసి పక్కన పడేసేవాడు. ఈయన తుపాకీ సంగతి వదిలేసి, దీంతో భోజనాల బల్ల మీద వాడే కత్తులు చేస్తే తుప్పు పట్టవు కదా అని ఆలోచించాడు. తుపాకీ ఎక్కడ, టమాటా ఎక్కడ? పై అధికారులు ఆసక్తి చూపలేదు; వారిని నేను మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను. కోయని కత్తులు కనిపెట్టిన మహానుభావుడని ఆయన్ను వెటకారం చేసినవాళ్లూ ఉన్నారు. చివరికి ఎర్నెస్ట్ స్టూవర్ట్ అనే కత్తుల తయారీదారు ఆ లోహాన్ని వెనిగర్‌తో పరీక్షించి, మరక పడలేదని తేల్చి, దానికి స్టెయిన్‌లెస్ అని పేరు పెట్టాడు. ఆ ఇద్దరి బాధ్యతారాహిత్యం వల్ల ఇవాళ మన పెళ్లిళ్లలో ఎన్ని స్టీలు గిన్నెలు చేతులు మారుతున్నాయో చెప్పలేం. తుపాకీ గొట్టం ఫైలు మాత్రం లక్ష్యం చేరకుండానే మిగిలింది.

మనుషులనే తప్పుపట్టడం న్యాయం కాదు, ఉక్కు కూడా ఇందులో భాగస్వామి. నేను విచారించగా తేలిందేమంటే, సుత్తి దెబ్బలు తిన్న ఉక్కును ఎర్రగా కాల్చి, కదలని గాలిలో ఊరికే వదిలేయాలట. ఒకసారి కాదు, రెండు మూడు సార్లు. అప్పుడు గాని లోపలి ఒత్తిడి తగ్గి, రేణువులు సన్నబడవట. ఆకురాయికి లొంగేంత మెత్తన కావాలంటే వేడి మీద బూడిదలో పూడ్చి మర్నాటి దాకా ముట్టుకోకూడదట. తరువాత మళ్లీ కాలుస్తారు. 770 డిగ్రీల దగ్గర ఉక్కుకు అయస్కాంతం అంటడం మానేస్తుంది; ఇంకొంచెం వేడి ఎక్కనిచ్చి నూనెలో ముంచుతారు. గట్టిపడుతుంది, కానీ కింద పడితే గాజులా పగులుతుంది. ఆ పెళుసు పోవడానికి 200 డిగ్రీల ప్రాంతంలో రెండు గంటలు నిదానంగా ఉంచితే, ఉక్కు మీద ఎండుగడ్డి రంగు పొర వస్తుంది. ఆ రెండు గంటలు మనిషి ఏం చేయాలి? ఏ చేతిపుస్తకమూ చెప్పదు. నా మిత్రుడైతే ముక్కాలిపీట మీద కూర్చుని రంగు మారడం చూస్తాడు. సెలవు అడిగే ముడిసరుకును నేను ఇంతకుముందు ఎక్కడా చూడలేదు.

పరిస్థితి పూర్తిగా చేయి దాటలేదు. అమెరికాలో 1976లో ఏర్పడిన బ్లేడ్‌స్మిత్ సొసైటీ వాళ్లు ఈ వృత్తికి పరీక్ష పెట్టారు. అభ్యర్థి తాను కొట్టిన కత్తితో వేలాడుతున్న అంగుళం మందం తాడును ఒక్క వేటుకు తెగ్గొట్టాలి. తరువాత బద్దె చెక్కను రెండుసార్లు అడ్డంగా నరకాలి. ఆ తరువాత కూడా అదే అంచుతో చేతి మీద వెంట్రుకలు గొరగాలి. చివరగా కత్తిని బిగించి 90 డిగ్రీలు వంచితే విరగకూడదు. నెగ్గిన కత్తి పరీక్ష ముగిసేసరికి వంకరపోయి దేనికీ పనికిరాదు. పరీక్ష అంటే అలాగే ఉండాలి. మన ఇంటర్మీడియట్ పిల్లలను అడగండి. అక్కడి టీవీలో 2015లో ఒక పోటీ కూడా మొదలైంది. నలుగురు కమ్మరులు, గోడ మీద గడియారం, మూడు గంటల్లో కత్తి, గెలిచినవాడికి 10,000 డాలర్లు. గడియారం చూసి చూసి కంగారులో కొందరి కత్తులు నూనెలో ముంచగానే పగుళ్లిస్తాయి. అయినా సమయానికి పగులుతాయి.

మన నగరాల్లోనూ ఇప్పుడు వారాంతపు కత్తుల శిక్షణలు మొదలైతే అవి ఎలా ఉండాలో నేనొక నమూనా సిద్ధం చేశాను. పదింటికి స్వాగతం. పదింబావుకు స్ఫూర్తి. పదిన్నరకు ఆనందం, అల్పాహారంతో కలిపి. మధ్యాహ్నం మైమరపు, గుంపులుగా. నాలుగింటికి ధ్రువపత్రం. ఆనందం కలగనివారికి వచ్చే శనివారం సప్లిమెంటరీ. దీంతోపాటు ప్రభుత్వానికి కొన్ని సూచనలు పంపాను. కొత్త ఆలోచన రాబోతున్నవారు 48 గంటల ముందు దరఖాస్తు చేసుకోవాలి. షెడ్డులో కిటికీ ఉంటే దానిలోంచి చూసే నిమిషాలకు మీటరు బిగించాలి. కత్తి చేయబోయి కొక్కెం చేసినవారు తేడాకు వస్తుసేవల పన్ను చెల్లించాలి. ఆనందాన్ని ఆదాయంగా పరిగణించి శ్లాబులు నిర్ణయించాలి. ఆఖరి అంశం మీద ఆర్థిక శాఖ ఆసక్తి చూపుతుందని నా నమ్మకం.

ఇన్ని చెప్పి, ఊరి కొలిమి సంగతి చెప్పకపోతే పక్షపాతం అవుతుంది. ఈ అలవాటుకు మన దగ్గర మూలస్థానం అదే. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం ఇరాన్ నుంచి వర్తకులు వచ్చేవారని 19వ శతాబ్దపు రాతల్లో ఉంది. దక్కన్‌లోనూ దక్షిణాదిలోనూ పుట్టిన ఇటువంటి ఉక్కు ఎందుకంత గట్టిదో తేల్చడానికి లండన్‌లో కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే, జేమ్స్ స్టొడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి 1820 ప్రాంతంలో ఏళ్ల తరబడి తంటాలు పడ్డాడు. ఇక్కడి కొలిమిలో ఎవరూ తంటాలు పడినట్టు కనిపించరు. మృగశిర కార్తె ముందు నాగటి కర్రు సాగగొట్టించుకోవడానికీ, కోతలకు ముందు కొడవలికి కక్కు కొట్టించుకోవడానికీ రైతులు వస్తారు. వచ్చినవాడు వెంటనే పోడు. చుట్ట ముట్టించుకోవడానికి నిప్పు అక్కడే ఉంది. తిత్తి ఊదడానికి పిల్లలు పోటీ పడతారు. ఊరి వ్యవహారాలన్నీ కొలిమి ముందే తేలేవి. ట్రాక్టర్లు వచ్చి, బజారు కత్తులు వచ్చి చాలా కొలుములు ఆరిపోయాయి. అధికారులు చేయలేని నియంత్రణను మార్కెట్టు చేసి చూపింది. ఆ వృత్తి మీద బతికిన కుటుంబాలు ఏమయ్యాయన్నది నా సూచనల పరిధిలోకి రాదు.

మిగిలిన కొలుముల్లో ఒకదానికి నా ఫారం పట్టుకుని వెళ్లాను. సమయ వినియోగ నమోదు పత్రం, నాలుగు ప్రతులు. పెద్దాయన ఒకరు దాగలి ముందు కొడవలి కొడుతున్నారు. వేపచెట్టు కింద గట్టు మీద మరొకాయన కూర్చుని ఉన్నారు, పక్కన గొడ్డలి.

"ఆయన ఎందుకొచ్చారు?" అని కమ్మరి పెద్దాయనను అడిగాను.

"గొడ్డలికి పిడి వేయించుకోవడానికి బాబూ."

"ఎప్పుడు వచ్చారు?"

"పొద్దున్నే వచ్చాడు."

"ఎప్పటికి అవుతుంది?"

"ఏమిటి, పిడా? అది పొద్దున్నే అయిపోయింది."

ఫారంలో అటువంటి మనిషిని చేర్చడానికి గడి లేదు. ఒక గడి కలపమని కమిటీకి రాశాను. ఎన్ని సెంటీమీటర్లు ఉండాలో చెప్పమన్నారు.