సవరణ: మైల్స్ డేవిస్ పారిస్ రికార్డింగ్ గురించి

ఫ్రెంచ్ దర్శకుడు లూయీ మాల్ తీసిన 'అసాన్సర్ పూర్ లెషఫో' (1958) సినిమా సంగీతం గురించి నేను ఇంతకుముందు పెట్టిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. అమెరికన్ జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ తన న్యూయార్క్ బృందంతో వాయించాడని రాశాను, కాదు. 1957 డిసెంబరు 4 రాత్రి పారిస్ స్టూడియోలో ఆయన పక్కన ఉన్నది బార్నీ విలెన్ (టెనర్ సాక్సోఫోన్), రెనే ఉర్త్రెజే (పియానో), పియేర్ మిషెలో (బాస్), కెన్నీ క్లార్క్ (డ్రమ్స్). వీళ్ళలో క్లార్క్ అమెరికన్, కానీ అప్పటికే పారిస్‌లో కాపురం.

రెండోది, అంతా అప్పటికప్పుడు పుట్టిందే అన్నాను. తెర మీద సన్నివేశాలు తిప్పుతుంటే చూస్తూ వాయించిన మాట నిజం. అయితే డేవిస్ ముందే కొన్ని స్వరాల ముక్కలు రాసుకున్నాడు. తర్వాత మిషెలో చెప్పిన ప్రకారం సూచనలు చాలా క్లుప్తం: డి మైనర్, సి సెవెన్ అనే రెండు కార్డులు (chords, కలిపి మోగించే స్వరాల గుంపులు), ఒక్కో కార్డు నాలుగేసి బార్లు (తాళం ఆవర్తాలు), మిగతాది మీ ఇష్టం. కార్డులు అంత తక్కువ కాబట్టే ఆ ట్రంపెట్‌కి అంత చోటు దొరికింది.

ఇంకొకటి: "ఆ గూబలో మోగే ప్రతిధ్వని స్టూడియోదేనా?" అని కొందరు అడిగారు. కాదు, అది పాత ఎల్పీ రికార్డు కోసం తర్వాత కలిపింది. అది లేని టేకులు తర్వాతి సీడీలో ఉన్నాయి, రెండూ పక్కపక్కన పెట్టి వినండి. పాత రికార్డు అట్ట, బృంద సభ్యుల ఇంటర్వ్యూలు సరిచూసుకోకుండా రాయడం నా పొరపాటు.