స్టిక్కర్ మీద అంకె చూపించి వించ్ అమ్మేస్తారా?

ఇప్పుడే తిరుపతి ఆటోనగర్‌లో ఒక కొట్లోంచి బయటికొచ్చా. ఒళ్లు మండిపోతోంది. పాత వించ్, అదే బండి దిగబడితే తాడు చుట్టుకుంటూ బయటికి లాగే మిషను, మార్చాలి, లోడుతో బండి మూడున్నర టన్నులు అని చెప్పా. "9,500 పౌండ్లది చాలన్నా, ఏనుగునైనా లాగుతుంది" అన్నాడు. ఏనుగు నాకెందుకయ్యా? స్వర్ణముఖి ఇసుకలో ఇరుసు దాకా దిగబడిన బండి సంగతి చెప్పు!

మొత్తం బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లు లాగేది తీసుకోవాలి. మూడున్నరకు అయిదుంబావు టన్నులు. 9,500 పౌండ్లంటే 4,300 కిలోలే. 12,000 పౌండ్లదైతే 5,440 కిలోలు, అది కావాలి నాకు. ఈ మాత్రం లెక్క రానివాడు వేలకు వేలు ఎలా అడుగుతాడు?

పైగా స్టిక్కర్ మీద అంకె, తాడు చుట్టుకునే డ్రమ్ము మీద మొదటి వరుస మాత్రమే ఉన్నప్పటిది. వరుస మీద వరుస పడేకొద్దీ బలం పడిపోతుంది. తాడు కట్టే చెట్టు దగ్గరలోనే ఉంటే కప్పీ వేసి తాడు రెండు పేటలు చేయాలి. వేగం సగమైనా బలం దాదాపు రెట్టింపవుతుంది. ఇది ఒక్కడూ చెప్పడు.

ఇక కరెంటు. పూర్తి లోడు మీద 12 వోల్టుల వించ్ 400 ఆంపియర్ల దాకా లాగేస్తుంది. ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ అంత ఇవ్వలేదు, భారమంతా బ్యాటరీ మీదే. మా బావ బండికి ఒక మెకానిక్ సన్న కేబుళ్లు వేసి పంపాడు. భాకరాపేట దగ్గర బురదలో స్విచ్ నొక్కగానే హెడ్‌లైట్లు ఎర్రబడ్డాయి, వించ్‌కు కరెంటు కలిపే సొలినాయిడ్ టకటకా కొట్టుకుంది, టెర్మినల్ దగ్గర ప్లాస్టిక్ కరిగి కారింది. డ్రమ్ము కదల్లేదు. అందరూ వించ్‌నే తిట్టారు. లావు రాగి కేబుల్, గట్టి ఎర్తు లేకుండా ఏ వించ్ తిరుగుతుంది?

అసలు నా కోపమంతా జనం మీద. వించ్ తీస్తే చాలు, మూగుతారు. బిగిసిన స్టీలు తాడును దాటుకుంటూ వీడియోలు తీస్తారు. అది తెగితే కాళ్లు పోతాయి! తలకోన దారిలో తాడు తెగినా విసురు తగ్గాలని దాని మీద తడి గోనెసంచి వేస్తుంటే నవ్వారు. "ఏం కాదులే అన్నా" అంట. ఎవరు చెప్పారు మీకు? ఆ తర్వాతే సింథటిక్ తాడుకు మారా, తెగినా అంత విసురుగా కొట్టదు. అంచు గీరితే పాడవుతుందని తాడు బయటికొచ్చే చోట రోలర్లు పీకించి, నున్నటి అల్యూమినియం మూతి, అదే ఫెయిర్‌లీడ్, వేయించా. అయినా సరే, చుట్టూ ఉన్నవాళ్లు తాడు పొడవంత దూరం జరిగేదాకా రిమోట్ ముట్టుకోను. తెల్లార్లూ బండి బురదలోనే ఉండనీ.